మొండి చేప మీద మోపిన దోషం

ఇంట్లో తొట్టెలో పెంచే చేప ఉన్నట్టుండి చనిపోతే, ఆ ఇంటి మీదికి రానున్న కీడును అది తన మీద వేసుకొని పోయిందని చెప్పుకోవడం తెలుగు పట్టణాల మధ్యతరగతి ఇళ్లలో ఇప్పుడు తరచుగా వినిపించే మాట. వాస్తు పేరుతో సలహాలిచ్చేవారు తొట్టెను ఈశాన్యంలో ఉంచమంటారు. చైనా నుంచి వచ్చిన ఫెంగ్ షుయీ పద్ధతి ఎనిమిది ఎరుపు లేదా బంగారు రంగు చేపలతో పాటు ఒక నల్లచేపను కూడా పెట్టమని, ఇంట్లోని చెడునంతా ఆ నల్లచేప లాగేసుకుంటుందని చెబుతుంది. గుమ్మానికి గుమ్మడికాయ కట్టి, అది కుళ్లితే దిష్టి దానికి తగిలిందని ఊరట చెందే అలవాటు ముందునుంచీ ఉన్న సమాజంలో ఈ నమ్మకం ఏ అడ్డూ లేకుండా ఇమిడిపోయింది. చేప బతికితే ఇంటికి శుభం, చస్తే ఇంటి దోషం తొలగింది అనే ఈ వాదంలో చేపకు ఏం జరిగినా వాదానికి నష్టం లేదు. ఏ ఫలితం వచ్చినా నిజమనిపించుకునే మాటకు పరీక్ష పెట్టడం సాధ్యం కాదు కాబట్టి, దాన్ని జ్ఞానంగా లెక్కించడానికి ఆధారమూ ఉండదు.

గాజుతొట్టెలో చేపలు పెంచడం ఎంత ఇటీవలిదో గుర్తుచేసుకుంటే, దాన్ని ప్రాచీన శాస్త్రాలకు ముడిపెట్టడంలోని బలహీనత తెలుస్తుంది. మొక్కలూ నత్తలూ చేపలూ కలిపి నీరు చెడకుండా నిలపవచ్చని లండన్‌లో రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1850లో ప్రకటించాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజల కోసం చేపల గది తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో అక్వేరియం అనే పేరు స్థిరపడింది. అదృష్ట చేపగా వేల రూపాయలకు అమ్ముడుపోయే ఫ్లవర్‌హార్న్ అయితే ప్రకృతిలో ఎక్కడా లేని సంకర జాతి, 1990ల్లో ఆగ్నేయాసియా పెంపకందారులు తయారుచేసినది. వాస్తు గ్రంథాలు రాసినవారు చూడని వస్తువు గురించి, పుట్టని చేప గురించి ఆ గ్రంథాలు ఏదో చెప్పాయనడం ఆ గ్రంథాలకు కూడా న్యాయం చేసే మాట కాదు.

కొత్త తొట్టెలో చేప ఎందుకు చస్తుందనే ప్రశ్నకు స్పష్టమైన జవాబు ఉంది. చేప తన శరీరంలోని మాంసకృత్తుల వ్యర్థాన్ని ప్రధానంగా మొప్పల ద్వారా అమ్మోనియా రూపంలో నీటిలోకి వదులుతుంది. తినకుండా మిగిలిన మేత కుళ్లినా అదే అమ్మోనియా పుడుతుంది. చెరువులోనో, ఏళ్ల తరబడి నడుస్తున్న తొట్టెలోనో రాళ్ల మీద, ఇసుక మీద, ఫిల్టర్ స్పంజిలో అంటుకొని ఉండే ఒక రకం సూక్ష్మజీవులు ఈ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. మరో రకం ఆ నైట్రైట్‌ను చాలావరకు హాని లేని నైట్రేట్‌గా మారుస్తాయి. నత్రజని ఇలా ఒక రూపం నుంచి మరో రూపానికి సాగిపోయే ఈ వరుసను తొట్టెలో నెలకొల్పడాన్నే పెంపకందారులు తొట్టెను సైకిల్ చేయడం అంటారు. ఈ మార్పు సూక్ష్మజీవుల పని అని ఫ్రాన్స్‌లో ష్లోజింగ్, మ్యూంట్స్ అనే ఇద్దరు 1877లో రుజువు చేశారు: ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టం గుండా మురుగునీరు పంపితే సుమారు 20 రోజుల పాటు ఏ మార్పూ కనిపించక, తర్వాత నైట్రేట్ రావడం మొదలైంది, క్లోరోఫామ్ ఆవిరి పంపగానే అది ఆగిపోయింది. ఈ పని రెండు మెట్లలో జరుగుతుందని చూపినవారిలో ముఖ్యుడు, పైన చెప్పిన వారింగ్టన్ కుమారుడే. ఆయన పేరు కూడా రాబర్టే, పొలాల మట్టి మీద పరిశోధించిన రసాయనవేత్త. తండ్రి నిలబెట్టిన తొట్టె ఏ ఆధారం మీద నిలుస్తుందో కొడుకు మట్టిలో వెతికి కనుగొనడం ఈ చరిత్రలో ఎంతో ముచ్చటైన ఘట్టం. ఆ సూక్ష్మజీవులను విడదీసి పెంచగలిగినది మాత్రం 1890లో శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ.

ఆ 20 రోజుల జాప్యంలోనే కొత్త తొట్టెలోని చావులకు మూలం ఉంది. గృహప్రవేశం నాడు కానుకగా వచ్చిన రెండడుగుల తొట్టెను ఆ రోజే నింపి, ముహూర్తం దాటకుండా చేపలు వదిలితే, ఆ నీటిలో అమ్మోనియాను మార్చే జీవులు దాదాపు ఉండవు. అలాంటి తొట్టెలో పట్టేది సుమారు 45 లీటర్లు. వందకు 35 పాళ్లు మాంసకృత్తులున్న మేత ఒక గ్రాము వేస్తే అందులోంచి సుమారు 30 మిల్లీగ్రాముల నత్రజని అమ్మోనియాగా నీటిలో చేరుతుంది, అంటే లీటరుకు అర మిల్లీగ్రాముకు మించి. పిల్లలు ముచ్చటపడి పూటకోసారి చిటికెడు మేత వేసే ఇంట్లో ఇది కొద్ది రోజుల్లోనే ప్రమాదపు అంచుకు చేరుతుంది. దీనికి తోడు, అమ్మోనియా ఎంత విషమనేది నీటి క్షారగుణాన్ని తెలిపే పీహెచ్ మీద ఆధారపడుతుంది: 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది వందకు ఒక పాలు కన్నా తక్కువ, పీహెచ్ 8 ఉంటే అది అయిదు పాళ్లు దాటుతుంది. తెలుగు ప్రాంతాల్లో బోరునీరు చాలాచోట్ల క్షారగుణం గలదే కాబట్టి, ఒకే తప్పు ఇక్కడ మరింత త్వరగా ప్రాణం తీస్తుంది. అమ్మోనియా మొప్పలను కాల్చి ఎర్రబరుస్తుంది. ఆ గండం గడిచిన చేపకు రెండో, మూడో వారంలో నైట్రైట్ ఎదురవుతుంది, అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయలేని రూపంలోకి మార్చి, మొప్పలు గోధుమరంగుకు తిరిగేలా చేస్తుంది. నీటి పైభాగానికి వచ్చి నోరు తెరుచుకొని గాలి కోసం కొట్టుకునే చేపను చూసి ఇంట్లోవారు దిష్టి అనుకుంటున్న సమయానికి జరుగుతున్నది ఇదే.

దోషవాదానికి పరీక్ష పెట్టలేమని పైన అన్నప్పటికీ, చావుల కాలక్రమం మాత్రం ఆ వాదాన్ని నిలదీస్తుంది. ఇంటి కీడు కోసమే చేపలు చస్తుంటే, ఆ చావులు ఏడాది పొడవునా చెదురుమదురుగా ఉండాలి. కానీ అవి తొట్టె పెట్టిన తొలి నెలన్నరలోనే గుంపుగా జరిగి, ఆ తర్వాత గణనీయంగా తగ్గిపోతాయి, తొట్టెను సమూలంగా కడిగినప్పుడల్లా మళ్లీ మొదలవుతాయి. ఇంటి గ్రహబలం స్పంజి కడిగిన రోజును బట్టి మారుతుందని ఏ సిద్ధాంతీ చెప్పలేడు.

హేతువాద దృష్టి ఇక్కడితో ఆగిపోతే సగం పనే చేసినట్టు. దోషం మాటను కొట్టిపారేసే చదువుకున్న అభిరుచిగాళ్లలోనూ మరో నమ్మకం చెలామణి అవుతోంది: మొదట మొండి ప్రాణం గల చేపలను నాలుగు వదిలితే, అవి తొట్టెను సిద్ధం చేస్తాయి, తర్వాత మంచి చేపలు తెచ్చుకోవచ్చని. మురుగుకాలువల్లో గప్పీలు ఈదడం చూసినవారు, గప్పీ దేన్నైనా తట్టుకుంటుందని నిర్ధారణకు వస్తారు. నిజానికి ఏళ్లుగా పారే కాలువ అడుగున, గోడల నాచులో అమ్మోనియాను తినే జీవులు కోట్లలో ఉంటాయి, కడిగి తుడిచిన కొత్త గాజులో అవి ఉండవు. ఫైటర్ చేప, గౌరామి నేరుగా గాలి పీల్చగల అదనపు అవయవం ఉన్న జాతులు గనుక ప్రాణవాయువు తక్కువైన నీటిని తట్టుకుంటాయి గాని, అమ్మోనియా నుంచి ఆ అవయవం వాటిని కాపాడదు. అందరూ మొదట కొనే గోల్డ్‌ఫిష్ విపరీతంగా వ్యర్థాన్ని వదిలే చేప కావడం వల్ల చిన్న కొత్త తొట్టెకు అది ఎంతమాత్రం తగదు. మలినాన్ని తినేస్తుందని అంటగట్టే సక్కర్ ఫిష్ కూడా తిన్నదానికి తగ్గ అమ్మోనియాను వదిలేదే. అది పెరిగి తొట్టెకు మించిపోయాక చెరువులో వదిలేయడం వల్ల ఆంధ్ర ప్రాంతపు చెరువుల్లో చేపల రైతులకు అది పెద్ద బెడదగా తయారైంది.

తట్టుకోవడం అంటే బాధ లేకపోవడం కాదన్న సంగతిని ఈ అలవాటు పూర్తిగా మరుగుపరుస్తుంది. చేపకు హాని కలిగించే స్పర్శను, వేడిని, రసాయనాన్ని గుర్తించే నాడీ చివరలు ఉన్నాయని 2003లో శాస్త్రవేత్త లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల మీద చూపింది. చావకుండా మిగిలిన మొండి చేప మొప్పలు దెబ్బతిని, తర్వాత ప్రతి రోగానికీ సులువుగా లోబడుతుంది. నల్లచేప కీడును మోస్తుందన్న మాటకూ, మొండి చేప సైకిల్‌ను మోస్తుందన్న మాటకూ పునాది ఒకటే: ఒక ప్రాణి కష్టాన్ని ముందుగానే ఖర్చు రాసేసుకోవడం.

అయినా చేపలతోనే మొదలుపెట్టక తప్పని పరిస్థితి ఉంటే, ఎంపికలో వివేకం చూపడానికి చోటుంది. విదేశీ పుస్తకాల్లో మొదటి చేపగా సూచించే వైట్‌క్లౌడ్ అనే చైనా మిన్నో 20 డిగ్రీల చుట్టూ ఉండే చల్లనీటి జాతి. మే నెలలో 32 డిగ్రీలు దాటే మన ఇళ్ల తొట్టెల్లో దానికి ఆ వేడే మొదటి గండం. ఈ వాతావరణానికి సరిపోయేది జీబ్రా డానియో. గంగా, బ్రహ్మపుత్ర పరీవాహకంలోని లోతు తక్కువ కాలువల్లో, పొలాల పక్క నీటి గుంటల్లో బతికే ఈ చేపను 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ వర్ణించాడు. ప్రయోగశాలలు దీన్ని సుమారు 28 డిగ్రీల నీటిలో పెంచుతాయి. గుంపుగా ఉండే జాతి కాబట్టి ఆరింటికి తక్కువ వేయకూడదు, రెండడుగుల తొట్టెలో సైకిల్ పూర్తయ్యేదాకా ఆరింటికి మించి వేయకూడదు. రోజు విడిచి రోజు మాత్రమే చిటికెడు మేత వేయాలి, అమ్మోనియా లేదా నైట్రైట్ పరీక్షలో కనిపించిన రోజున మూడో వంతు నీరు మార్చాలి, కొళాయి నీరైతే అందులోని క్లోరిన్‌ను దుకాణాల్లో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే హైపో ద్రావణంతో ముందే తొలగించాలి. నైట్రైట్ పెరిగినప్పుడు నీటికి కొద్దిగా ఉప్పు చేర్చితే ఆ ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కు అడ్డుపడుతుంది. ఇదంతా భీమవరం, కైకలూరు ప్రాంతపు ఆక్వా రైతుకు కొత్త సంగతి కాదు. చెరువు నీటిని సీసాలో పట్టి ల్యాబ్‌కు తీసుకెళ్లి పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్ చూపించుకోవడం అతని రోజువారీ పని, ఎందుకంటే తప్పితే పోయేది అతని పెట్టుబడి.

చేప లేకుండానే తొట్టెను సిద్ధం చేసే మార్గం ఇంతకంటే మేలైనది. పాత్రలకు కళాయి పూసేవారు వాడే నవాసారం అమ్మోనియం క్లోరైడే. ప్రయోగశాల సామగ్రి అమ్మేచోట శుద్ధమైనది తెచ్చి, 45 లీటర్ల నీటిలో సుమారు పావు గ్రాము కరిగిస్తే లీటరుకు రెండు మిల్లీగ్రాముల చొప్పున అమ్మోనియా దొరుకుతుంది. గాలి పంపు ఆపకుండా నడుపుతూ, అమ్మోనియా తరిగినప్పుడల్లా అదే మోతాదు మళ్లీ వేస్తూ పోతే నాలుగు నుంచి ఆరు వారాల్లో సూక్ష్మజీవుల జనాభా నిలదొక్కుకుంటుంది. వేసిన మోతాదు 24 గంటల్లో తరిగిపోయి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపి, నైట్రేట్ మాత్రం పెరిగి ఉంటే పని పూర్తయినట్టు. అప్పుడు సగానికి పైగా నీరు మార్చి చేపలను తేవాలి.

ఈ గడువును బాగా తగ్గించేది ఒకటుంది: ఏడాదిగా ఏ రోగం లేకుండా నడుస్తున్న తొట్టెలోంచి మురికి పట్టిన స్పంజి ముక్క. ఆ మురికినే అసహ్యించుకొని ప్రతి ఆదివారం తొట్టెను ఖాళీ చేసి, రాళ్లనూ స్పంజినీ కొళాయి కింద తోమి కడిగే అలవాటు, క్లోరిన్‌తో ఆ జీవులను చంపి తొట్టెను మళ్లీ మొదటి రోజుకు తీసుకెళుతుంది. స్పంజిని తొట్టె నుంచి తీసిన నీటిలోనే ఒకసారి పిండి తిరిగి పెడితే చాలు. దుకాణంలో డజన్ల కొద్దీ తొట్టెలు ఏళ్లుగా నడుస్తున్నది ఇలాంటి పాత స్పంజిల మీదే కాబట్టి, తొట్టె కొనేవారు దిక్కు గురించి, చేపల సంఖ్య గురించి అడిగే ముందు, చేపలు ఆరోగ్యంగా ఉన్న తొట్టె చూసి అందులోని స్పంజి ముక్క ఒకటి అడిగి తీసుకొని, తడి ఆరకుండా ఇంటికి తెచ్చుకోవడం మంచిది.