సంతకం ఎవరిది?

మా వీధి సంక్షేమ సంఘం పుస్తకంలో పదకొండు సంతకాలుండేవి. అన్నీ మగవాళ్ళవే. కుళాయి ఏ వేళకి వస్తుందో, చెత్తబండి ఏ రోజు ఎగ్గొట్టిందో, మురుగు ఏ మూల నిలిచిందో వాళ్ళలో చాలామందికి తెలీదు. తెలిసిన మేమేమో సమావేశానికి కాఫీలిచ్చి వంటింట్లోకి వచ్చేసేవాళ్ళం.

పోయిన వేసవిలో నీళ్ళు రోజు విడిచి రోజు, అదీ రాత్రి రెండింటికి వదిలేవారు. సంఘం రెండు అర్జీలు పెట్టి ఊరుకుంది. చివరికి పక్కింటి పిన్నిగారు నోటుపుస్తకం తీసి నెల్లాళ్ళపాటు నీళ్ళొచ్చిన వేళా, ఆగిన వేళా, నిండిన బిందెలూ రాసిపెట్టారు. అది పట్టుకుని పదిమందిమి ఆఫీసుకి వెళ్ళాం. కాదనడానికి వాళ్ళకేమీ దొరకలేదు. ఇప్పుడు ఉదయం ఆరింటికే వస్తున్నాయి.

ఇదేం వింత కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళే సారా దుకాణం మూయించారు. ఆ కదలిక ఊళ్ళు దాటి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్ళింది. నలుగురూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడమే దానికి మొదలు.

2001 నాటి సంఘాల నమోదు చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘం పెట్టుకోవచ్చు. ఆ ఏడుగురూ మగవాళ్ళే కావాలని అందులో ఎక్కడా లేదు! అడ్డు చట్టం కాదు, మన మొహమాటమే.

ఈసారి మీ వీధి సమావేశంలో కాఫీ పళ్ళెం బల్లమీద పెట్టి, మీరూ ఓ కుర్చీ లాక్కుని కూర్చోండి. మా పుస్తకంలో పన్నెండో సంతకం పిన్నిగారిది. పదమూడోది నాది.