ముగ్గు నేర్చిన మిషను

గోదావరి జిల్లాల్లో ద్వారబంధం ఎత్తడమంటే చిన్నసైజు పెళ్ళి. పంతులుగారు ముహూర్తం పెట్టాలి. గడపకి పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టాలి. వడ్రంగికి కొత్తబట్టలు పెట్టాలి. స్లాబు వేసిన మేస్త్రీ పేరు పదేళ్ళకి మర్చిపోతాం. సింహద్వారం చెక్కిన వడ్రంగి పేరు మాత్రం తాతల నాటి ఇంట్లో కూడా ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని చెబుతారు.

ఇప్పుడా తలుపు వేరే దారి పట్టింది. ఏలూరు, తాడేపల్లిగూడెం లాంటి ఊళ్ళలో 'సి.ఎన్.సి. కటింగ్' అన్న బోర్డులు కనిపిస్తున్నాయి. టేకు చెక్క పంపించి, డిజైన్లలో ఒక నెమలినో కలశాన్నో చూపిస్తే చాలు. ఉలితో రోజుల తరబడి సాగే పని గంటల్లో అయిపోతుంది. ఆ రెండు ఊళ్ళకీ మధ్య హైవే మీదున్న ఉంగుటూరులో ఇల్లు కట్టుకునేవాళ్ళకి అటు పంపినా దగ్గరే, ఇటు పంపినా దగ్గరే.

ఇది చూసి ఇంజనీరింగు చదివే కుర్రాళ్ళకి ఓ ముచ్చట పుడుతుంది. "ఆ మిషనేదో మన పెరట్లోనే చేసేద్దాం నాన్నా!" అంటాడు సెలవులకి ఇంటికొచ్చిన కొడుకు. "ఎంతవుతుందిరా?" అని తండ్రి బెంగ. "ముందు ఆ మిగిలిన సబ్జెక్టులు రాయరా బాబూ" అని తల్లి గోల. అసలు ఇంటి దగ్గర ఇలాంటి మిషను చెయ్యడం కుదిరే పనేనా? కుదిరితే, పక్కవీధిలో ఉలినే నమ్ముకున్న వడ్రంగి మాటేమిటి? ఈ వారం ఆ సంగతి చూద్దాం.

చుక్కలు, గీతలు

ముందు పేరు సంగతి. సి.ఎన్.సి. అంటే కంప్యూటర్ న్యూమరికల్ కంట్రోల్. అంటే కంప్యూటరు చెప్పే అంకెల ప్రకారం నడిచేది. ఇక రౌటర్ అంటే ఇంటర్నెట్ కోసం గోడకి తగిలించే డబ్బా కాదు. గిర్రున తిరిగే బిట్టుతో చెక్కని తొలిచే పనిముట్టు.

సంక్రాంతి ముగ్గు పెట్టే ఇల్లాలికి ఈ మిషను సగం తెలిసినట్టే. ముందు చుక్కలు పెడతాం. ఫలానా వరసలో ఫలానా చుక్క నుంచి ఇంకో చుక్కకి గీత కలుపుతాం. మిషనుకీ అంతే. అడ్డంగా ఎంత దూరం, నిలువుగా ఎంత దూరం అన్న రెండు అంకెలు చెబితే చుక్క దొరుకుతుంది. వాటిని ఎక్స్, వై అంటారు. బిట్టు పైకి లేవాలా, చెక్కలోకి ఎంత లోతు దిగాలా అన్నది మూడో అంకె. అది జెడ్. 'జి1 ఎక్స్100 వై50' అంటే, ఇప్పుడున్న చోటు నుంచి ఎక్స్ 100, వై 50 అన్న చుక్క దాకా తిన్నగా గీత గియ్యమని. జి2, జి3 అంటే వంపు గీతలు. ఒక నెమలి బొమ్మలో ఇలాంటి వాక్యాలు వేలకొద్దీ ఉంటాయి. వాటిని రాసే పని మనిషికి లేదు. బొమ్మ గీసి ఇస్తే సాఫ్ట్‌వేరే రాసిపెడుతుంది.

ఈ ఆలోచన పుట్టింది అమెరికాలో. మిచిగన్ రాష్ట్రంలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టరు రెక్కలు తయారుచేసేవాడు. రెక్క వంపుని చుక్కలుగా విడగొట్టి, ఆ అంకెలతోనే మిషనుని నడిపిస్తే పోలేదా అనుకున్నాడు. 1949లో అక్కడి వైమానిక దళం డబ్బిచ్చింది. 1952లో ఎం.ఐ.టి. లేబరేటరీలో అలాంటి మిషను నడిపి చూపించారు. బీరువాల్లాంటి పెట్టెల నిండా వాక్యూమ్ ట్యూబులు, చిల్లుల టేపు మీద అంకెలు.

అంత సరంజామా ఇప్పుడు అరచేతిలో ఇమిడిపోతోంది. 2005లో ఇటలీలో ఆర్డుయినో అనే చవక బోర్డు పుట్టింది. 2009లో నార్వే దేశస్థుడు సిమెన్ స్వాలే స్కోగ్స్‌రుడ్ ఆ బోర్డు మీద నడిచే గర్బుల్ అనే ప్రోగ్రాము రాసి ఊరికే ఇచ్చేశాడు. మూడు మోటార్లని ఒకదానితో ఒకటి కలిపి నడిపించే పని అది చూసుకుంటుంది. పెరట్లో మిషను చెయ్యాలన్న కోరికకి రెక్కలొచ్చింది అక్కడే.

కాగితం మీద ఒకటి, చెక్క మీద ఒకటి

లెక్క చూస్తే ముద్దొస్తుంది. మామూలు స్టెప్పర్ మోటారు ఒక చుట్టు తిరగడానికి 200 అడుగులు వేస్తుంది. చుట్టుకి 5 మిల్లీమీటర్లు నడిపే మరస్క్రూ దానికి తగిలిస్తే, ఒక్కో అడుగుకి కదిలేది మిల్లీమీటరులో నలభయ్యో వంతు. ఏ వడ్రంగి చెయ్యి అంత సన్నంగా కదులుతుంది అనిపిస్తుంది.

అయితే అది కాగితం మీది లెక్క. బిట్టు నిమిషానికి ఇరవై వేల పైచిలుకు చుట్లు తిరుగుతూ టేకు చెక్కని తాకినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. పైన అడ్డదూలం సన్నగా ఉంటే వణుకుతుంది. ఆ వణుకు చెక్క మీద అలల్లా పడుతుంది. డబ్బు మిగుల్తుందని ప్లైవుడ్డుతో ఫ్రేము చేస్తారు కొందరు. కొల్లేటి గాలి తగిలే ఊళ్ళలో వానాకాలం వస్తే తలుపులే ఉబ్బి బిగుసుకుపోతాయి. ప్లైవుడ్డు ఫ్రేము మాత్రం ఊరుకుంటుందా? మట్టం తప్పుతుంది. ఇనుమో అల్యూమినియమో తప్పదు.

రెండోది మూలమట్టం. రెండు దూలాల మధ్య కోణం కచ్చితంగా ఉండాలి. అడుగు పొడవులో ఒక్క మిల్లీమీటరు పక్కకి పోయిందనుకోండి. ఏముందిలే అనిపిస్తుంది. అదే ఆరున్నర అడుగుల తలుపు మీదికొచ్చేసరికి ఆరున్నర మిల్లీమీటర్ల తేడా. రెండు రెక్కలూ మూస్తే మధ్యలోంచి వీధి కనిపిస్తుంది. దీన్ని సరిచూడ్డానికి కంప్యూటరు అక్కర్లేదు. ఒక పక్క 3 అడుగులు, ఇంకో పక్క 4 అడుగులు కొలిచి గుర్తు పెడితే, ఆ గుర్తుల మధ్య ఏటవాలుగా 5 అడుగులు రావాలి. పునాది ముగ్గు పోసే మేస్త్రీ చేసేదీ ఇదే.

మూడోది, లేతు పనివాళ్ళు 'ప్లే' అనేది. పాత సైకిలు పెడలు తొక్కబోతే ముందు కాస్త ఊరికే జారి, తర్వాత పట్టుకుంటుంది చూడండి, అది. స్క్రూకీ నట్టుకీ మధ్య అలాంటి సందు ఉంటే మోటారు తిరుగుతుంది గానీ బిట్టు కదలదు. గుండ్రంగా చెక్కమంటే నాలుగు చోట్ల నొక్కేసిన గాజులా వస్తుంది.

నాలుగోది కరెంటు. మామూలు స్టెప్పర్ మోటారు కళ్ళుమూసుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచే మనిషిలాంటిది. మధ్యలో ఎక్కడైనా తట్టుకుని నాలుగు అడుగులు తప్పితే దానికి తెలీదు. తను సరైన చోటే ఉన్నాననుకుని నడిచిపోతుంది. నెమలి తల చెక్కి తోకకి వచ్చేలోపు కరెంటు పోతే మొదటి చుక్క ఎక్కడుందో మళ్ళీ దానికి చెప్పాలి. వెంట్రుకవాసి తేడాతో చెప్పినా తోక పక్కకి పోతుంది. చెక్క టేకైతే ఆ నష్టం వేలల్లో.

ఇప్పుడు ఈ నాలుగూ ఇంకోసారి చూడండి. వీటిలో కంప్యూటరు చదువుతో తీరేది ఒక్కటీ లేదు. మూలమట్టం వడ్రంగికి తెలుసు. ఏ చెక్క ఏ కాలంలో ఎంత ఉబ్బుతుందో, నార ఎటు నడుస్తుందో, నారకి ఎదురు తోస్తే ఎక్కడ పెచ్చు లేస్తుందో అతనికే తెలుసు. ప్లే ఎంతుందో వేలితో కదిపి చెప్పగలిగేది లేతు పనివాడు. చెరువులకీ పొలాలకీ వాడే ఇంజన్ల బాగోగులు చూసే ఊళ్ళలో అలాంటి చేతులకి కొదవలేదు. అంకెల సంగతి కుర్రాడు చూసుకుంటాడు. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్.ఐ.టి. కూడా ఉంది. 2022లో జిల్లాలు విడిపోయి ఉంగుటూరు ఏలూరు జిల్లాలోకీ, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోకీ వెళ్ళాయి గానీ, బస్సెక్కితే అట్టే దూరం లేదు. కావలసిన ముగ్గురూ దగ్గర్లోనే ఉన్నారు. ఒకచోట కూర్చోవడమే లేదు.

అమ్మ భుజం నొప్పి

ఇంటి దగ్గర మిషను చేసినవాళ్ళ మాటొస్తే తెలుగువాళ్ళు చింతకింది మల్లేశం గారిని తలుచుకోవాలి. ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు దగ్గర శారాజీపేట ఆయనది. చేనేత కుటుంబం. చదువు హైస్కూలు దాటలేదు. పోచంపల్లి చీర నెయ్యాలంటే ముందు ఆసు పొయ్యాలి. అర్ధచంద్రాకారంలో వరసగా ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకి చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పని చేసీ చేసీ తల్లి లక్ష్మి గారికి భుజం పట్టేసేది.

అమ్మ నొప్పి చూడలేక ఆయన 1992లో మిషను మొదలుపెట్టాడు. అప్పులయ్యాయి, నలుగురూ నవ్వారు. హైదరాబాదు వెళ్ళి కరెంటు పనులు చేస్తూ, వచ్చిన డబ్బుతో ఒక్కో భాగమే చేసుకున్నాడు. చివరి చిక్కుముడి ఓ ఫ్యాక్టరీలో పనికి వెళ్ళినప్పుడు అక్కడి మిషను కదలిక చూస్తుంటే విడింది. 1999లో ఆసు మిషను పూర్తయింది. దానికి పెట్టిన పేరు లక్ష్మీ ఆసు మిషను. నాలుగైదు గంటల పని గంటన్నరకి వచ్చింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన కథ 'మల్లేశం' పేరుతో సినిమాగా కూడా వచ్చింది.

ఆ మిషను చీర నెయ్యదన్నది గమనించాలి. రంగులెక్కడ పడాలో, డిజైను ఎలా ఉండాలో నేతగాడి చేతిలోనే ఉంది. మిషను తీసేసింది భుజం నొప్పిని. ఏది తియ్యాలో, ఏది ఉంచాలో ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాడు కాబట్టి ఆయనకి తెలిసింది.

మూల చెక్కేది ఎవరు?

వడ్రంగి తలుపుకీ ఇదే లెక్క వర్తిస్తుంది. మిషను వచ్చాక చెక్కుడు పని తగ్గుతుందన్నది దాచిపెడితే దాగేది కాదు. కూలి పోతుంది. అయితే మిషనుకి రానివీ ఉన్నాయి. తిరిగే బిట్టు గుండ్రంగా ఉంటుంది కాబట్టి లోపలి మూలలు గుండ్రంగానే వస్తాయి. మూల పదునుగా రావాలంటే చివరికి ఉలి పట్టాల్సిందే. రెండోది, ఎక్కడో తయారైన డిజైన్లే అందరూ వాడితే ఉంగుటూరులోనూ అదే నెమలి, ఊరు దాటినా అదే నెమలి. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడల్లా ఆ చుట్టుపక్కల వడ్రంగులు తరతరాలుగా చెక్కిన తీగలూ పువ్వులూ పాత సామాను కొట్లకి పోతున్నాయి. వాటి మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసి కంప్యూటరులోకి ఎక్కిస్తే, పెరటి మిషను ఆ ఊరి తీగనే చెక్కుతుంది. ఆ పని పెద్ద షెడ్డువాడు చెయ్యడు. అతనికి తీరికుండదు. చెయ్యగలిగితే ఇంటి కుర్రాడూ, పక్కింటి వడ్రంగీ కలిసి చెయ్యాలి. పెద్ద చెక్కుడు మిషనుది, మూలలూ నగిషీలూ వడ్రంగివి, వచ్చిన డబ్బులో ఇద్దరికీ వాటా అని ముందే మాట్లాడుకుంటే ఉలి మూలన పడదు.

అమ్మానాన్నలకి నాలుగు మాటలు. కుర్రాడు మొదటిసారే తలుపంత మిషను చేస్తానంటే ఒప్పుకోకండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు చాలు. అందులో నేర్చుకున్నాకే పెద్దది. కరెంటుకి ఎర్తింగ్ తప్పనిసరి. చేతికందే దూరంలో ఎర్ర బటను ఉండాలి, నొక్కగానే అంతా ఆగిపోవాలి. కళ్ళద్దాలు, ముక్కుకి మాస్కు లేకుండా దగ్గరికి రానివ్వకండి. ఎం.డి.ఎఫ్. చెక్క పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. లుంగీ, చున్నీ, వదులు చేతుల చొక్కా అక్కడ పనికిరావు. మిషను తిరుగుతుండగా భోజనానికి రమ్మని పిలవకండి, దాన్ని ఒంటరిగా వదలకూడదు. హైదరాబాదులో 2023లో మొదలైన టి-వర్క్స్‌లో ఇలాంటి యంత్రాలు పెద్ద స్థాయిలో ఉన్నాయి. దగ్గర్లోని హైస్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంటే చిన్నపిల్లలు మోటార్లతో అక్కడే చెయ్యి తిప్పుకోవచ్చు.

డబ్బు సంగతి అడగండి, తప్పులేదు. కానీ అంతకన్నా ముందు "దీంతో ఏం చెక్కుతావు?" అని అడగండి. "ఏదైనా చెక్కొచ్చు" అన్నాడంటే ఇంకా సిద్ధంగా లేడన్నమాట. పక్కవీధి వడ్రంగి ఇంటికి పంపించండి. ఓ వారం ఆయన పక్కన కూర్చుని చిత్రిక పట్టడం చూడనివ్వండి. ఏ పని దగ్గర ఆయన నడుం పట్టుకుంటుందో, ఏ పని దగ్గర ఆయన మొహం వెలుగుతుందో చూసి రమ్మనండి. నడుం పట్టుకునే పని మిషనుకి అప్పగించాలి. రెండోది ఆయనకే వదిలెయ్యాలి. ఆ తేడా తెలిసి వచ్చాక కుర్రాడు మోటార్లకి డబ్బడిగితే, ఇవ్వండి.