మనవాణ్ని ఏ జైల్లో పెట్టారు?

1963 నవంబర్ 24, ఆదివారం. డల్లాస్ పోలీసు ప్రధాన కార్యాలయం నేలమాళిగలో అధ్యక్షుడు కెన్నెడీ హత్య కేసులో పట్టుబడ్డ లీ హార్వీ ఆస్వాల్డ్‌ను జాక్ రూబీ అనే వ్యక్తి కాల్చి చంపాడు. అమెరికా అంతా టీవీలో చూసింది. కెన్నెడీ హత్య గురించి పుస్తకాలకు పుస్తకాలు చదివినవాళ్లు కూడా పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటి అందులో ఉంది. ఆ సమయానికి ఆస్వాల్డ్‌ను సిటీ జైలు నుంచి కౌంటీ జైలుకు తరలిస్తున్నారు. నగర పోలీసులు పట్టుకున్న మనిషిని నగరం లాకప్‌లో ఉంచి, తర్వాత కౌంటీకి అప్పగించాలి. డల్లాస్ చుట్టుపక్కల పట్టణాల్లో చాలాచోట్ల ఈనాటికీ ఇదే పద్ధతి.

అరవై ఏళ్ల నాటి ఈ వివరం ఇప్పుడెందుకంటే, ఇర్వింగ్‌లోనో రిచర్డ్‌సన్‌లోనో ఉన్న కొడుకు రాత్రి నుంచి ఫోన్ ఎత్తకపోతే, పోలీసులు తీసుకెళ్లారని రూమ్మేట్ చెబితే, గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న తల్లిదండ్రులు మొదట తడబడేది ఇక్కడే. ఎవరో పంపిన లింకు పట్టుకుని డల్లాస్ కౌంటీ జైలు పేజీలో పేరు కొడతారు. ఏమీ రాదు. అరెస్టు కాలేదేమోనని ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంటారు. లేదంటే ఇంకేదో ఘోరం జరిగిందని కుప్పకూలిపోతారు. నిజానికి పిల్లవాడు అప్పటికింకా ఊరి లాకప్‌లోనే ఉండి ఉంటాడు. కౌంటీ జైల్లో బుకింగ్ పూర్తయ్యేదాకా ఆ పేజీలోకి పేరు ఎక్కదు.

టెక్సాస్‌లో 254 కౌంటీలున్నాయి. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీ తర్వాత అందులో పెద్దది డల్లాస్. 2020 జనగణన ప్రకారం 26 లక్షల పైచిలుకు జనం. కౌంటీ జైలును నడిపేది ప్రజలు ఓటేసి ఎన్నుకున్న షెరిఫ్. షెరిఫ్ కింద పనిచేయని పోలీసు శాఖలు ఆ కౌంటీ నిండా ఉన్నాయి. డల్లాస్‌కు, ఇర్వింగ్‌కు, గార్లండ్‌కు, మెస్కీట్‌కు, కపెల్‌కు ఎవరి పోలీసులు వారికే. విమానాశ్రయానికి సొంత పోలీసులు. మన పిల్లలు ఎక్కువగా చదివే యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ ఎట్ డల్లాస్‌కు సొంత పోలీసులు. పైగా ఊళ్ల సరిహద్దులు కౌంటీ సరిహద్దులతో కలవవు. డల్లాస్ నగరమే ఐదు కౌంటీల్లోకి పాకింది. ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్‌లో. ప్లేనో ఉండేది ప్రధానంగా కాలిన్‌లో. విమానాశ్రయం డల్లాస్, టారంట్ కౌంటీల మధ్య ఉంది.

కాబట్టి ఇల్లు ఎక్కడుందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఏ రోడ్డు మీద, ఏ దుకాణంలో పట్టుకున్నారో అది ఏ ఊరి కిందికి వస్తుంది, ఏ కౌంటీ కిందికి వస్తుంది అన్నదే ముఖ్యం. ముందు ఆ ఊరి పోలీసు శాఖకు, 911కు కాకుండా మామూలు నంబరుకు, ఫోన్ చేసి అడగాలి. తర్వాత ఆ కౌంటీ షెరిఫ్ పేజీ చూడాలి. అప్పటికీ దొరక్కపోతే పక్క కౌంటీలు. టెక్సాస్ చట్టం ప్రకారం అరెస్టు చేసిన మనిషిని 48 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. అంటే రెండు రోజుల్లోపే ఎక్కడో ఒకచోట కాగితం పుడుతుంది.

ఇక పేరు. మనవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే ఉంది. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి ముందు ఉంటుంది, ఒకరికి చివర ఉంటుంది, కొందరికి అసలు ఉండదు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు అమెరికా వీసాలో పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు దగ్గర ‘ఎఫ్ఎన్‌యూ’ అనే మూడక్షరాలు పడతాయి. పేరు తెలియదని వాటి అర్థం. డ్రైవింగ్ లైసెన్సులో అదే ఎక్కితే బుకింగ్ గుమాస్తా కూడా అదే కొడతాడు. ఇంట్లో చిన్నా అని పిలిచే పిల్లవాడు, కాలేజీలో సాయి, పాస్‌పోర్టులో వెంకట సాయి కృష్ణ చైతన్య, జైలు రికార్డులో ‘ఎఫ్ఎన్‌యూ’. అందుకే ఒకసారి వెతికి ఊరుకోకూడదు. పేరు, ఇంటిపేరు అటూ ఇటూ మార్చి చూడాలి. మొదటి ముక్క ఒక్కటే ఇచ్చి చూడాలి, ముక్కలన్నీ కలిపి చూడాలి. పుట్టిన తేదీ అడిగితే అమెరికా వరసలో నెల ముందు, రోజు తర్వాత. మే 8న పుట్టినవాడికి మన వరసలో తేదీ కొడితే ఆగస్టు 5న పుట్టినవాణ్ని వెతుకుతుంది.

గూగుల్‌లో ‘అరెస్టు రికార్డులు’ అని కొడితే ముందు వచ్చేవి చాలావరకు ప్రైవేటు దుకాణాలు. కార్డు నంబరు అడుగుతాయి. వాటికి పైసా ఇవ్వొద్దు. ఎవరు ఏ జైల్లో ఉన్నారో షెరిఫ్ కార్యాలయం ఉచితంగానే చెబుతుంది.

పేరు దొరికాక ఆ పేజీని నిదానంగా చదవాలి. పట్టుకున్న శాఖ పేరు, బుకింగ్ తేదీ, బుకింగ్ నంబరు, అభియోగం, విడుదలకు కట్టాల్సిన బాండు (పూచీకత్తు) మొత్తం కనిపిస్తాయి. బుకింగ్ నంబరు రాసుకోండి. ఆ తర్వాత ఏ కిటికీ దగ్గరికి వెళ్లినా అదే అడుగుతారు. అన్నిటికంటే ముందు చూడాల్సింది ‘హోల్డ్’ అన్న మాట ఉందా అని. ఉంటే వేరే కౌంటీ వారెంటో, ఇమిగ్రేషన్ అధికారుల అభ్యర్థనో అడ్డుగా ఉందన్నమాట. అప్పుడు బాండు డబ్బు కట్టినా మనిషి బయటికి రాడు. ఇమిగ్రేషన్ అభ్యర్థనలను జైళ్లు పాటించి తీరాలని 2017లో టెక్సాస్ శాసనసభ చట్టం చేసింది. బాండు కట్టేముందు, డబ్బు తీసుకుని పూచీ పడే బాండ్స్‌మన్‌తో బేరం కుదుర్చుకునేముందు, లాయరుతో హోల్డ్ సంగతి మాట్లాడటం తప్పనిసరి. ఇమిగ్రేషన్ హోల్డ్ ఉన్నవాళ్ల విషయంలో కౌంటీ పేజీలో ‘విడుదల’ అని పడితే ఇంటికి వచ్చేశాడని కాదు. ఇమిగ్రేషన్ నిర్బంధంలోకి మారి ఉండవచ్చు. అక్కడి నుంచి వెతకాల్సింది ఫెడరల్ ప్రభుత్వపు వేరే పేజీలో. ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే ఏ-నంబరు ఉంటే అది, లేదంటే రికార్డులో ఉన్నది ఉన్నట్టు పేరు; రెంటిలో దేనితోనైనా పుట్టిన దేశం కూడా ఇచ్చి.

జైలు నుంచి పిల్లవాడు ఫోన్ చేస్తే ధైర్యం చెప్పండి, ఎలా ఉన్నావని అడగండి. ఏం జరిగిందని మాత్రం అడగొద్దు. జైలు ఫోన్లు రికార్డవుతాయి. తెలుగులో మాట్లాడుకుంటున్నాం కదా అనుకోవద్దు, అనువాదకులు ఉంటారు. భారత కాన్సులేట్‌కు కబురు చేయమని అడిగే హక్కు వియన్నా ఒడంబడిక ప్రకారం అతనికి ఉంది. అయితే అతను అడగాలి. భారతీయుల విషయంలో అడగకుండా తమంతట తాము కాన్సులేట్‌కు చెప్పాల్సిన బాధ్యత పోలీసులకు లేదు.

ఈ వివరాలన్నీ ఎవరైనా చూసేలా ఎందుకు పెడతారని, మా పరువేం కావాలని బాధపడే తల్లిదండ్రులున్నారు. వాళ్ల బాధ అర్థం చేసుకోగలను. కానీ అరెస్టు సమాచారం బహిరంగంగానే ఉండాలి. మనిషిని పట్టుకుపోయి, మా దగ్గర లేడని పోలీసులు చెప్పే రోజులు ఎలా ఉంటాయో తెలుగు నేలకు చెప్పాల్సిన పని లేదు. ఆచూకీ లేనివాళ్ల కోసం పౌరహక్కుల సంఘాలు హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ల మీద పిటిషన్లు వేసిన చరిత్ర మనది. అరెస్టు సంగతి బంధువుకో మిత్రుడికో చెప్పి తీరాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లో ఆదేశించాల్సి వచ్చింది. సున్నితమైనవి మినహా ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలని 2016లో చెప్పింది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 37వ సెక్షన్ ప్రకారం అరెస్టయినవాళ్ల వివరాలు ప్రతి పోలీస్ స్టేషన్‌లో, జిల్లా కేంద్రంలో ప్రదర్శించాలి. మనకు పోరాడితే వచ్చిన హక్కు ఇది. పరువు పేరు చెప్పి దాన్ని ఇంకోచోట వద్దనలేం.

బాధితుల వైపు నుంచి చూసినా అంతే. 1993 డిసెంబరులో కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లో మేరీ బైరన్ అనే యువతిని ఆమె 21వ పుట్టినరోజున మాజీ ప్రియుడు కాల్చి చంపాడు. ఆమెపై అఘాయిత్యం చేసిన కేసులో జైల్లో ఉన్నవాడు బయటికొచ్చాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె తల్లిదండ్రుల పట్టుదలతో, నిందితుడు విడుదల కాగానే బాధితులకు కబురందించే వైన్ అనే వ్యవస్థ మరుసటి ఏడాది అక్కడ మొదలైంది. ఇప్పుడు అలాంటి వ్యవస్థ టెక్సాస్‌తో సహా చాలా రాష్ట్రాల్లో ఉంది. భర్త చేతిలో దెబ్బలు తిని, ఫిర్యాదు చేసి, అతను ఎప్పుడు బయటికొస్తాడో తెలియక తలుపుల వెనక వణికే తెలుగు ఆడపిల్లలు అమెరికాలో ఉన్నారు. వాళ్లకు ఈ రికార్డు ప్రాణరక్ష.

నా కోపమల్లా ఈ రికార్డును మనం వాడే తీరు మీద. ఎవరి పిల్లవాడో దుకాణంలో దొంగతనం కేసులో దొరికాడనగానే జైలు ఫొటో గంటలో నాలుగు ఖండాల వాట్సాప్ గ్రూపులు తిరుగుతుంది. ఊరి పేరు, కులం, తండ్రి ఉద్యోగం జోడించి మరీ పంపుతారు. జైలు పేజీ చెప్పేది పోలీసులు ఏ ఆరోపణ మీద పట్టుకున్నారన్నది మాత్రమే. తర్వాత ఆ కేసు ఏమైందో ఆ పేజీలో ఉండదు. దానికి కోర్టు గుమాస్తా కార్యాలయానికి వెళ్లాలి. డల్లాస్‌లో పెద్ద నేరాల ఫైళ్లు డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర, చిన్నవి కౌంటీ క్లర్క్ దగ్గర ఉంటాయి. ఫొటో ఫార్వర్డ్ చేసినవాళ్లలో ఒక్కరైనా ఆర్నెల్ల తర్వాత అక్కడ చూసి, కేసు కొట్టేశారని అదే గ్రూపులో పెట్టారా? నేనైతే చూడలేదు.

డల్లాస్ కౌంటీలోనే జేమ్స్ వుడార్డ్ అనే వ్యక్తి ఒక హత్య కేసులో 27 ఏళ్లు శిక్ష అనుభవించి, డీఎన్ఏ పరీక్షతో 2008లో నిర్దోషిగా బయటపడ్డాడు. ఆయనలాంటివాళ్లు ఆ కౌంటీలో ఇరవై మందికి పైనే. పాత ఆధారాలను పారేయకుండా దాచిపెట్టారు కాబట్టి బతికి బయటపడ్డారు. తీర్పు తర్వాత కూడా తప్పు తేలుతుంటే, తీర్పుకు ముందు తీసిన ఫొటో చూసి మనం శిక్ష వేయడమేమిటి? రికార్డులు తప్పడం కూడా అరుదేం కాదు. 2023 మేలో ఇదే కౌంటీ కొత్త కోర్టు సాఫ్ట్‌వేర్‌కు మారినప్పుడు, విడుదల కావాల్సిన కొందరు రోజులు దాటినా జైల్లోనే ఉండిపోయారు.

హైస్కూలు పిల్లలున్న తల్లిదండ్రులకు ఇంకో మాట. టెక్సాస్ నేర చట్టానికి 17 ఏళ్లవాడు పెద్దవాడే. బాలల రికార్డుకు ఉండే గోప్యత వాడికి ఉండదు, జైలు పేజీలో పేరు వచ్చేస్తుంది. స్నేహితుడిచ్చిన టీహెచ్‌సీ (గంజాయి మత్తు పదార్థం) వేప్ గొట్టం జేబులో దొరికితే, సరుకు ఒక గ్రాము లోపే అయినా అది ఫెలనీ, అంటే పెద్ద నేరం. ఈ సంగతి పదకొండో తరగతిలోకి వచ్చేలోపే పిల్లలకు చెప్పండి.

కేసు కొట్టేస్తే టెక్సాస్‌లో ఎక్స్‌పంక్షన్ అడగొచ్చు. ఆ ఉత్తర్వు వస్తే పోలీసులు, జైలు, కోర్టు తమ రికార్డు చెరిపేయాలి. కానీ తొందరపడి చెరిపించుకుని తర్వాత చిక్కుల్లో పడేవాళ్లున్నారు. వీసా దరఖాస్తు, పౌరసత్వ దరఖాస్తు రెండూ ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతాయి. రికార్డు చెరిపేసినా అవునని చెప్పి, కేసు ఎలా ముగిసిందో కోర్టు ముద్ర ఉన్న కాగితం చూపించాలి. చెరిపేశాక ఆ కాగితం ఇచ్చేవాళ్లుండరు. ముందు ధ్రువీకరించిన నకళ్లు నాలుగైదు తీసుకుని, ఆ తర్వాతే ఎక్స్‌పంక్షన్. అలాగే తీర్పును వాయిదా వేసి గడువు పెట్టే డిఫర్డ్ అడ్జుడికేషన్ అంటే శిక్ష పడనట్టేనని నేర కేసుల లాయరు చెబితే అది టెక్సాస్ లెక్క. నేరం ఒప్పుకుని దానికి తలూపితే ఇమిగ్రేషన్ చట్టం దాన్ని శిక్షగానే చూస్తుంది. సంతకం పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయరును అడగాలి.

మీ పిల్లలు అమెరికాలో ఉంటే ఈ వారమే ఒక కాగితం మీద వాళ్లచేత నాలుగు సంగతులు రాయించుకోండి: డ్రైవింగ్ లైసెన్సులో ఉన్నది ఉన్నట్టు పేరు, పుట్టిన తేదీ, వెతకడం మొదలుపెట్టడానికి ఉంటున్న ఊరు ఏ కౌంటీలో ఉందో ఆ పేరు, ఏ-నంబరు ఉంటే అది. దగ్గరున్న ఒక స్నేహితుడి ఫోన్ నంబరు కూడా. ఆ కాగితం ఇంట్లో అందరికీ తెలిసినచోట పెట్టండి. డల్లాస్ ప్రాంతపు తెలుగు సంఘాలకు నా విన్నపం: డల్లాస్, కాలిన్, డెంటన్, టారంట్ కౌంటీల జైలు సమాచార నంబర్లు, వాటిలోని ఊళ్ల పోలీసు నంబర్లు ఒక్క పేజీ మీద తెలుగులో అచ్చువేసి, ఉగాది సంబరాలకు వచ్చే ప్రతి కుటుంబం చేతిలో పెట్టండి.