డోపు పెట్టిన చెయ్యి

ఆటగాడెవడయినా మందు పుచ్చుకొని దొరికితే మన పత్రికలు "డోపింగు" అని పెద్ద అక్షరాలు వేస్తాయి. ఆ మాట పుట్టుకను గురించి ఒక కథ చాలాకాలంగా ప్రచారంలో వున్నది. దక్షిణాఫ్రికాలో జూలూ వీరులు యుద్ధానికి ముందు "డొప్" అనే ద్రాక్షతొక్కల సారా తాగేవారట. డోపింగు అందులోంచే వచ్చిందట!

యీ కథ యెవరికి పనికివస్తుంది? పాపం మొదలు నల్లవాడి ముంతలో వున్నదని చెప్పదలచినవారికి. "డొప్" మాటకు వేరొక చరిత్ర వున్నది. దాన్ని మాత్రం చెప్పరు. కేప్ ప్రాంతపు ద్రాక్షతోటల్లో తెల్ల యజమానులు కూలీలకు జీతంలో కొంత భాగం చవక వైను పోసి సరిపెట్టేవారు. దానికి డొప్ పద్ధతి అని పేరు. చట్టం నిషేధించిన తర్వాత కూడా అది సాగింది. అక్కడ తాగినవాడు కూలివాడు, పోసినవాడు యజమాని.

నిఘంటువులు చూపే దారి వేరు. డచ్చి భాషలో "డోప్" అంటే ముంచుకొని తినే పులుసు. 19వ శతాబ్దంలో ఆ మాట అమెరికాలో చిక్కని ద్రవాలకు, తర్వాత పొగతాగే నల్లమందు ముద్దకు పేరయింది. శతాబ్దం మారే రోజులకు గుర్రప్పందాల్లో ప్రవేశించింది. గెలిపించడానికి గాని, ఓడించడానికి గాని గుర్రానికి రహస్యంగా మందు పెట్టడమే డోపు.

గుర్రం తనంతట తాను మందు తినలేదు. కాబట్టి పందెపు మైదానంలో దోషి పెట్టినవాడే. అదే మాట మనిషికి తగిలేసరికి దోషి తిన్నవాడయినాడు!

1904లో సెంట్ లూయీ ఒలింపిక్ మారథాన్ గెలిచిన థామస్ హిక్స్ ఇత్తడి పనివాడు. దారిలో అతనికి స్ట్రిక్నిన్, బ్రాందీ పట్టించినవారు అతని వెంట నడిచిన సహాయకులు. సోషలిజం పేరు చెప్పుకొన్న తూర్పు జర్మనీ 1974లో దీన్ని ప్రభుత్వ ప్రణాళికగానే నడిపింది. విటమిను బిళ్ళలని చెప్పి చిన్న వయసు బాలికల చేత హార్మోను మాత్రలు మింగించింది. మన జెండా రంగు కనబడిందని యీ నేరాన్ని దాచడం అభ్యుదయం కాదు. 2000లో బెర్లిన్ కోర్టు ఆ క్రీడాధిపతి మాన్‌ఫ్రెడ్ ఏవాల్డ్‌కు వేసిన జైలుశిక్ష కూడా అమలు కాకుండా నిలిచిపోయింది.

"తెలిసి తిన్నవాడిని వదిలేద్దామా?" అని అడుగుతారు. వద్దు. నేటి నియమావళిలో పెట్టినవాడికీ శిక్ష వున్నది. కాని పరీక్ష ఆటగాడి మూత్రానికి, నెత్తురుకు జరుగుతుంది; శిక్షకుడి జేబుకు, సమాఖ్య దస్త్రాలకు జరగదు.

తెలుగులో మనం ఆ మందుల్ని "ఉత్ప్రేరకాలు" అంటున్నాం. బిళ్ళ తనంతట తాను యెవరినీ ప్రేరేపించదు. ఆటగాడి పేరు అచ్చువేసే ప్రతి పత్రికా ఆ బిళ్ళ అందించిన చెయ్యి యెవరిదో కూడా అడగాలి.