గురి కుదరడానికి ముందు పరీక్ష

తెలుగులో ‘గురి’ అనే మాటకు రెండు అర్థాలున్నవి: ఒకటి లక్ష్యం, రెండవది విశ్వాసం. ఉర్దూలో నిశానా, భరోసా అని వేర్వేరుగా చెప్పేదానిని తెలుగు ఒక్క మాటలో ఇమిడ్చుకొన్నది. కొత్త పాయింట్ 22 రైఫిలు చేత పట్టినవానికి ఈ రెండూ విడదీయరానివి. ఆయుధంపై గురి కుదిరితే గాని లక్ష్యంపై గురి నిలువదు. అయితే ఆ విశ్వాసం ఒక అదృష్టపు కాగితంపై గాక, ఓర్పుతో చేసిన పరీక్షపై నిలబడవలెనని నా అభిప్రాయం.

సాధారణంగా జరిగేది వేరు. ఐదు తూటాలు దగ్గర దగ్గరగా తగిలితే రైఫిలు గొప్పదంటారు. చెదిరితే రైఫిలునో, కాల్చిన కేడెట్‌నో నిందిస్తారు. రెండు తీర్పులూ తొందరపాటువే.

ఈ తూటా స్వభావం తెలిస్తే కారణం బోధపడుతుంది. 1887లో అమెరికాలో వెలువడిన పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటాలో నిప్పు పుట్టించే మిశ్రమం అడుగు అంచులోనే ఉంటుంది. సూది ఆ అంచును నలిపితే తూటా పేలుతుంది. నలిగిన తొడుగు తిరిగి నింపడానికి పనికిరాదు. కనుక మందు తూచుకొని తన తూటాను తానే తీర్చుకొనే వీలు ఈ రైఫిలువానికి లేదు. కర్మాగారం చేసినవాటిలో తన గొట్టానికి నప్పేదానిని ఎంచుకోవడమే మార్గం. తూటా వేగం సెకనుకు 320 మీటర్ల నుండి 330కి మారితే, 50 మీటర్ల దూరంలో దెబ్బ ఎత్తు సుమారు 7 మిల్లీమీటర్లు మారుతుంది. ఒలింపిక్ లక్ష్యంలో పదవ వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే!

2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో 451.4 పాయింట్లతో కాంస్యం గెలిచినది ఈ జాతి రైఫిలుతోనే. ఆ స్థాయి పోటీదారుల కొరకు ఈలీ, లాపువా వంటి తూటా సంస్థలు ప్రత్యేక పరీక్షాశాలలు నడుపుతున్నవి. అక్కడ రైఫిలును బిగించి, ఒకే రకపు తూటాలలోనే వేర్వేరు లాట్లను కాల్చి, నప్పినదానిని ఎన్నుకొంటారు.

మనకు అంత ఏర్పాటు లేకున్నా పద్ధతి అందుబాటులోనే ఉన్నది. గాలి లేని వేళ, రేంజి అధికారి సమక్షంలో, రైఫిలును ఇసుక సంచులపై ఆనించవలెను. సైట్ల మరలు, గొట్టాన్ని కర్రభాగానికి బిగించే మరలు వదులుగా లేవని ముందే చూడవలెను. శుభ్రపరచిన గొట్టం కుదురుకొనేందుకు కొన్ని తూటాలు కాల్చి, వాటిని లెక్కలో వేయరాదు. పిదప నాలుగు రకాల తూటాలతో, రకానికి ఐదేసి చొప్పున ఐదు గ్రూపులు కాల్చి, ప్రతి గ్రూపునూ కొలిచి సగటు తీయవలెను. మిక్కిలి చిన్న గ్రూపును చూపి మురియడం ఆత్మవంచన. ఆపైన దిద్దుబాటుకు పూనుకొన్నా, ఒకసారికి ఒక్క మార్పే చేయవలెను. మరనూ తూటానూ ఒకేసారి మారిస్తే మేలు దేనివలన కలిగిందో ఎవరు చెప్పగలరు?

ఇందుకు నూరు తూటాలు పైగా వ్యయమవుతాయని, విద్యార్థులకు చాలినన్ని తూటాలు దొరకడమే కష్టమని కొందరు ఆక్షేపించవచ్చును. ఆ మాట నిజమే. కానీ రైఫిలును ఒకసారి పరీక్షిస్తే ఆ ఫలితం దానిని పట్టే ప్రతి కేడెట్‌కూ ఉపకరిస్తుంది. పరీక్షించని రైఫిలుతో ఐదు తూటాలు కాల్చి జట్టులో చోటు కోల్పోయిన విద్యార్థికి జరిగిన అన్యాయాన్ని ఏ పొదుపు పూడ్చగలదు? తప్పు తన చేతిదో, తూటాదో అతనికి ఎన్నటికీ తెలియదు. తనపై తనకున్న గురి మాత్రం చెదిరిపోతుంది.

కనుక ప్రతి రైఫిలుకూ ఒక చిట్టా ఉండవలెను. రైఫిలు సంఖ్య, తూటా లాటు, తేదీ, గ్రూపుల కొలతలు, చేసిన మార్పులు అందులో వ్రాయవలెను. ఎంపికకు ముందు ఆ చిట్టాను కేడెట్లందరికీ చూపవలెను. దీనికి పెద్ద ధనం అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, ఒక కొలబద్ద, నిజాన్ని ఉన్నదున్నట్లు వ్రాసే అలవాటు చాలును.