సాక్షికి అండ ఏది?

“నిజం నిలకడ మీద తేలుతుంది” అని పెద్దలంటారు. కాని ఆ నిజాన్ని కోర్టు బోనులో నిలబడి చెప్పాల్సిన మనిషికి తోడు ఎవరుంటారు?

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా వాడ మనిషిని ఒక పెద్ద రైతు మనుషులు కులం పేరుతో తిట్టి కొట్టారు. చూసిన మా పెదనాన్న పోలీసులకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ తర్వాత ఆయనను కూలికి పిలిచేవాళ్ళు లేకపోయారు. ఒక సాయంత్రం ఒకాయన వచ్చి అరుగు మీద కూర్చుని, “ఏం పెద్దోడా, మీ అమ్మాయి ఏ బస్సుకి కాలేజీకి పోతోంది?” అని మాత్రం అడిగి వెళ్ళాడు. నాలుగు వాయిదాలకు కూలి పోగొట్టుకుని తిరిగిన పెదనాన్న చివరికి బోనులో “నేను చూడలేదు” అన్నాడు. కేసు కొట్టేశారు. ఊరంతా ఆయన అమ్ముడుపోయాడంది. నేనూ సిగ్గుపడ్డాను. ఇప్పుడు అర్థమవుతోంది, ఆయన అమ్ముడుపోలేదు, భయపడ్డాడు.

ఇది పేదవాళ్ళకే వచ్చే కష్టం కాదు. 1999లో ఢిల్లీలో జరిగిన జెస్సికా లాల్ హత్య కేసులో చదువుకున్నవాళ్ళే అడ్డం తిరిగారు. 2006 ఫిబ్రవరిలో కింది కోర్టు నిందితులందరినీ వదిలేసింది. దేశమంతా గగ్గోలు పుట్టాక అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు ముఖ్య నిందితునికి యావజ్జీవ శిక్ష వేసింది. వాళ్ళకే అలా ఉంటే రేపటి కూలి కోసం ఎదుటివాడి చేను వైపు చూసే మనిషి సంగతేమిటి?

మన దగ్గర చుండూరు ఉంది. 1991 ఆగస్టు 6న అక్కడ 8 మంది దళితులను చంపారు. బాధితుల పోరాటం వల్ల ప్రత్యేక కోర్టును ఆ ఊళ్ళోనే పెట్టారు. సాక్షులు దూరాభారం లేకుండా తమవాళ్ళ మధ్య నుంచి వెళ్ళి సాక్ష్యం చెప్పగలిగారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. అయినా కోర్టే సాక్షి దగ్గరకు రావచ్చని చుండూరు చూపించింది.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 2016 జనవరి నుండి అమలైన 15ఎ సెక్షన్ ప్రకారం సాక్షికి రక్షణ, ప్రయాణ ఖర్చులు, అవసరమైతే వేరే చోట నివాసం ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత. 2018 డిసెంబరు 5న సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని దేశమంతటా చట్టంలా అమలు చేయమంది. భయమున్న సాక్షి గాని, ఇంటివాళ్ళు గాని జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 398 సెక్షన్ ప్రతి రాష్ట్రమూ ఇలాంటి పథకం తేవాలంటోంది.

మరి లోటు ఎక్కడ? 2018 పథకంలో సాక్షికి ముప్పు ఉందో లేదో నివేదిక ఇచ్చేది డి.ఎస్.పి. స్థాయి పోలీసు అధికారి. పోలీసులంటేనే భయపడే మనిషి ఏం చెప్పుకుంటాడు? రక్షణ ఒక్కోసారి 3 నెలలకు మించి ఇవ్వరు, కేసు ఏళ్ళ తరబడి నడుస్తుంది. పథకం గురించి సాక్షికి చెప్పాలని అందులోనే రాసి ఉంది, మా పెదనాన్నకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ప్రతి సాక్షికీ పోలీసును కాపలా పెట్టగలమా అని కొందరంటారు. అందరికీ కాపలా అక్కర్లేదు. వాంగ్మూలం తీసుకున్న రోజే హక్కులు తెలుగులో చదివి వినిపించి, ఆ కాగితం సాక్షి చేతికివ్వాలి. కోర్టులో నిందితుల ఎదుట గంటల తరబడి నిలబెట్టకుండా వేరే గది చూపాలి. పిలిచిన రోజే సాక్ష్యం తీసుకుని, పోయిన కూలి, బస్సు ఛార్జీ ఆ రోజే చేతిలో పెట్టాలి. బెదిరింపు వచ్చిందంటే పోలీసు నివేదికతో పాటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కూడా సాక్షిని విడిగా కలిసి మాట్లాడాలి. ఇవేవీ కోట్లతో పనిలేనివి. చట్టంలో “చేయవచ్చు” అని ఉన్నచోట “చేయాలి” అని రాయాలి, చేయని అధికారిని జవాబు అడగాలి.

మిత్రులారా, హాస్టల్‌లో ఉండి నాలుగక్షరాలు నేర్చుకున్న మన బాధ్యత కూడా ఉంది. మీ వాడలో ఎవరికైనా సమన్లు వస్తే ఆ కాగితం చదివి చెప్పండి. దరఖాస్తు రాసిపెట్టండి. వాయిదా రోజు పక్కన నడవండి.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు 15ఎ సెక్షన్ గురించి పెదనాన్నకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “ఆ రోజు ఈ మాట చెప్పేవాడు ఒక్కడుంటే చాలేదిరా.”

ఆ ఒక్కడు మనలో ప్రతి ఒక్కరూ కావాలి.

– బి.ఏ. తృతీయ సంవత్సరం విద్యార్థి