రాత బాగోలేదా? అది బద్ధకం కాకపోవచ్చు

‘అన్నీ నోటికొచ్చు సార్, రాయమంటేనే రాయడు’. బడులు తెరిచిన నెలకే తల్లిదండ్రుల నోట వినిపించే మాట ఇది. ఆ తర్వాత చేతిరాత కోచింగ్, లేదా అదే పాఠం పదిసార్లు రాయమనే శిక్ష. అయితే వీరిలో కొందరి ఇబ్బంది బద్ధకం కాదు, డిస్‌ప్రాక్సియా. వైద్యులు డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అంటారు. బడి ఈడు పిల్లల్లో నూటికి ఐదారుగురికి ఇది ఉంటుందని అంచనా. అంటే నలభై మంది తరగతిలో ఇద్దరు.

వీరికి తెలివి ఉంటుంది, కండరాల్లో బలమూ ఉంటుంది. ఏ కదలిక తర్వాత ఏది, ఎంత ఒత్తిడితో అన్న లెక్కే మెదడుకు సులువుగా కుదరదు. మనం చూడకుండానే చొక్కా గుండీలు పెట్టేసుకుంటాం. వీళ్లకు అది ప్రతిసారీ కొత్త పనే. కంచం చుట్టూ మెతుకులు, ముడిపడని షూ లేసులు, చేతికి చిక్కని బంతి, ఎంతకీ రాని సైకిల్. బోర్డు చూసి రాసేటప్పుడు ధ్యాసంతా అక్షరం గీయడానికే సరిపోతుంది, పాఠం బుర్రకెక్కదు. పైగా మన గుణింతాలకు, ఒత్తులకు చెయ్యి ఎన్ని మెలికలు తిరగాలో! నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టినవారిలో ఈ సమస్య ఎక్కువ. చాలామందికి ఏడీహెచ్‌డీ కూడా తోడవుతుంది.

విచిత్రమేమిటంటే, చట్టం దీన్ని ఎప్పుడో గుర్తించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో, అభ్యసన వైకల్యాల నిర్వచనంలోనే డిస్‌ప్రాక్సియా పేరుంది. కానీ సర్టిఫికెట్ కోసం చేసే పరీక్షలు ప్రధానంగా చదవడం, రాయడం, లెక్కల చుట్టూనే తిరుగుతాయి. చక్కగా చదువుతూ చెయ్యి మాత్రం సాగని పిల్లలు అక్కడ జారిపోవచ్చు. ఇక 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల కోసం ఏర్పడినవి. వేలకు వేలు ఫీజు కట్టే ప్రైవేటు బడిలో ఆ పరీక్ష మీరే చేయించుకోవాలి.

ఐదేళ్లు దాటాక కూడా ఈ ఇబ్బందులు ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తుంటే ముందు కంటిచూపు పరీక్ష చేయించి, పిల్లల డాక్టర్‌కు చూపించండి. జిల్లా ఆస్పత్రికి వెళితే, పిల్లల ఓపీలో ‘డైస్’ కేంద్రం గురించి అడగండి. దీనికి మందుల్లేవు, టానిక్కులు కొనకండి. ఆక్యుపేషనల్ థెరపిస్టు సాయంతో, రాని పనినే చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి రోజూ సాధన చేయించాలి. బడిలో నోట్సు తగ్గించమని, నోటితో జవాబు చెప్పనివ్వమని టీచర్‌ను అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. సీబీఎస్‌ఈ మూడు గంటల పరీక్షకు, సర్టిఫికెట్ ఉన్నవారికి గంట అదనంగా ఇస్తుంది. దాని కోసం పదో తరగతిలో పరుగులు పెట్టడం కంటే మూడో తరగతిలోనే మొదలుపెట్టడం మేలు.

ఒక్క జాగ్రత్త. వచ్చిన పనులు మర్చిపోతున్నా, ఒకవైపు చెయ్యీ కాలూ బలహీనపడినా, నేల మీది నుంచి లేవడానికి తొడల మీద చేతులు ఆనించాల్సి వస్తున్నా, నడకలో కొత్తగా తూలుతున్నా అది డిస్‌ప్రాక్సియా కాదు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.